క్రాషా గారిపై క్రాషా గారి విచారణ

పదవులు పంచుకోవడానికి మానవజాతి ఎన్నో పద్ధతులు కనిపెట్టింది. వంశం అయింది, కత్తి అయింది, ఓటు కూడా అయింది. వీటన్నిటికన్నా న్యాయమైన పద్ధతి మాత్రం ఉత్తర ఇంగ్లాండులో, లాంకషైర్ కొండల సందున ఉన్న థార్న్‌క్లఫ్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బులో అమలవుతోంది. అక్కడి వార్షిక సమావేశంలో ఎవరూ పోటీ చెయ్యరు, ఎవరూ ఓటు వెయ్యరు. ఖాళీ పదవి పేరు చదివే క్షణంలో గదిలో ఎవరు లేరో ఆ పదవి వారిది.

(అందుకే సమావేశం రోజు మధ్యాహ్నం నుంచే సభ్యులెవరూ టీ ముట్టరు. ఈ దేశంలో క్రీడలను నడిపించేది ధనవంతులని బయటివాళ్లు అనుకుంటారు. కాదు, చిన్న ఊళ్లలో వాటిని నడిపించేది మూత్రాన్ని ఆపుకోలేని వాళ్లు.)

గ్లెనిస్ అనే ఆవిడ ఒక ఏడాది తన కారు ఎవరికో అడ్డంగా ఉందంటే తియ్యడానికి బయటికెళ్లి, క్లబ్బు కార్యదర్శిగా తిరిగొచ్చింది. అప్పటి నుంచీ ఆ పదవిలోనే ఉంది. తర్వాత ఆవిడ కారు అమ్మేసింది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ ఏడాది విల్ఫ్ క్రాషా బిస్కెట్లు తేవడానికి లేచాడు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్లు మొరాయిస్తాయి, వంటగది దాకా వెళ్లి రావడానికి కాస్త సమయం పట్టింది. ప్లేటు పట్టుకుని తలుపు తీసేసరికి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

"ఏంటి, బిస్కెట్లకేనా ఇంత సంబరం?" అన్నాడు విల్ఫ్.

"అభినందనలు విల్ఫూ!" అన్నాడు అధ్యక్షుడు నెవిల్ డక్‌వర్త్. ఊళ్లో తివాచీల దుకాణం ఆయనదే. "ఇవాళ్టి నుంచి మన క్లబ్బు పిల్లల సంరక్షణాధికారివి నువ్వే."

"నేనా! దాని గురించి నాకేం తెలుసయ్యా?"

"ఊరుకో. ఈ ఊళ్లో నీకు తెలియని పిల్లాడెవడున్నాడు? సగం మందిని నువ్వే పెంచావు, మిగతా సగం మందిని నువ్వే తిట్టావు."

ఆ మాట అబద్ధం కాదు. విల్ఫ్ క్రాషా దాదాపు ముప్ఫయ్యేళ్లు థార్న్‌క్లఫ్ జట్టుకి మేనేజరు. ఆ కాలంలో ఈ దేశానికి ప్రధానమంత్రులు మారారు, డబ్బాలో బిస్కెట్ల సైజు తగ్గింది, విల్ఫ్ కోటు మాత్రం మారలేదు. ఆయన నాయకత్వంలో జట్టు ఒకసారి పై డివిజనుకి ఎక్కి, అక్కడి గాలి పడక మరుసటి ఏడాదే దిగి వచ్చేసింది. మైదానం కొండవాలు మీద ఉంటుంది కాబట్టి ఆయన వ్యూహం కూడా వాలుగానే ఉండేది: మొదటి సగం కిందికి ఆడండి, రెండో సగం దేవుణ్ణి తలుచుకోండి. "బంతి కనబడితే బంతిని తన్ను, కనబడకపోతే ఎదుటివాణ్ణి తన్ను" అన్నది ఆయన సిద్ధాంతం. వానలో, బురదలో, తమకన్నా ఎంతో పెద్ద జట్టుని కప్పు మ్యాచ్‌లో ఓడించిన రోజున ఊరంతా ఆయన్ని భుజాల మీద మోసింది. ప్రేక్షకులు నిలబడే స్టాండుకి ఆయన పేరు పెట్టారు. (స్టాండు అంటే మరుగుదొడ్ల ముందున్న రేకుల పంచ. అయినా స్టాండే.) ఆయన మీద ఒక పాట కూడా ఉంది. శనివారాల్లో మ్యాచ్‌కి వచ్చే బస్సులో జనం దాన్ని పాడతారు. అదే బస్సులో వచ్చే విల్ఫ్, కిటికీలోంచి బయటికి చూస్తూ ఏమీ విననట్టు నటిస్తాడు. అందులో ఆయనకి మంచి సాధన ఉంది.

సంరక్షణాధికారి కావాలంటే శిక్షణ తప్పనిసరి. కంప్యూటరు ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబులు నొక్కాలి. "ఒక పిల్లవాడు తనకు అన్యాయం జరిగిందని మీతో చెప్పాడు. మీరేం చేస్తారు?" అన్నది ఆఖరి ప్రశ్న. విల్ఫ్ క్షణం కూడా ఆలోచించకుండా "మ్యాచ్ అయ్యాక చూద్దాం అంటాను" అన్న జవాబు నొక్కాడు. కంప్యూటరు ఎర్రబడింది. మళ్లీ అదే నొక్కాడు. మళ్లీ ఎర్రబడింది. కంప్యూటరు చెడిపోయిందనుకుని గ్లెనిస్‌ని పిలిచాడు. ఆవిడ వచ్చి, కళ్లజోడు సరిచేసుకుని, "ఇంకో జవాబు నొక్కి చూడు, అదీ చెడిపోయిందేమో" అంది. నొక్కాడు. పచ్చబడింది. వెంటనే సర్టిఫికెట్ వచ్చింది. ఈ దేశంలో సరైన జవాబు తెలిసేదాకా అవకాశం ఇస్తూనే ఉంటారు, ఆ విషయంలో ఎవరికీ లోటు లేదు.

అధికారికి ఒక గది కూడా ఉండాలి. అందులో చెప్పింది బయటికి వినబడకూడదని నియమం. డక్‌వర్త్ క్లబ్బంతా తిరిగి చూశాడు. గోడలు మందంగా, తలుపు గట్టిగా ఉన్న గది ఒక్కటే దొరికింది: నడవా చివర, నీళ్లు కాచే పాత బాయిలర్ గది. ఒకప్పుడు తడిసిన బూట్లూ జెర్సీలూ ఆరేసిన చోటది. అందులో రెండు కుర్చీలు, ఒక టిష్యూ కాగితాల డబ్బా పెట్టి, తలుపు మీద నవ్వుతున్న చెవి బొమ్మతో పోస్టరు అంటించారు: "ఇక్కడ మీ మాట వింటాం. లోపలికి రండి." తలుపుకి గడియ బయటివైపు మాత్రమే ఉంది. లోపలివైపు కూడా పెట్టాలన్న ప్రతిపాదన ఉపసంఘం పరిశీలనలో ఉంది.

విల్ఫ్ మెడలో అధికారి కార్డున్న నీలం తాడు పడింది. వారం వారం ఆ గదిలో కూర్చున్నాడు. ఒక్కరూ రాలేదు. ఏడాది తిరిగేసరికి "ఒక్క ఫిర్యాదూ లేని ఆదర్శ క్లబ్బు" అని జిల్లా ఫుట్‌బాల్ సంఘం ఒక ఫలకం పంపింది. డక్‌వర్త్ దాన్ని బారు గోడకి బిగించి, ఫలకం కింద నిలబడి ఫొటో దిగాడు.

ఆ మేకు ఇంకా గోడలో సరిగ్గా కూర్చోకముందే ఫిర్యాదు వచ్చింది.

రాసినవాడు క్రెయిగ్ హిండిల్, ఒకప్పటి పిల్లల జట్టు ఆటగాడు, ఇప్పుడు నలభై దాటినవాడు. ఆ రోజుల్లో పిల్లల జట్టుకి శిక్షకుడు స్లేటర్. పెద్ద ఆటగాళ్ల బూట్లు పిల్లలే తోమాలన్నది అప్పటి ఆచారం. తోమింది నచ్చకపోతే స్లేటర్ పిల్లల్ని బాయిలర్ గదిలోకి తోసి, దీపం ఆర్పి, గడియ పెట్టేవాడు. ఒక్కోసారి మధ్యాహ్నం మధ్యాహ్నమంతా. క్రెయిగ్ ఆ సంగతి అప్పుడే మేనేజరు క్రాషా గారికి చెప్పాడట. ఏమీ జరగలేదట. "మీకు ఏమి పరిహారం కావాలి?" అన్న చోట క్రెయిగ్ రాసింది ఇదీ: "నేను చెప్పానని, ఆయన విన్నారని, ఆయనే నా ముఖం మీద ఒప్పుకోవాలి. ఒక సారీ చెప్పాలి. ఇంకేమీ వద్దు."

విల్ఫ్ అది చదివి కుర్చీలో వెనక్కి వాలాడు. స్లేటర్ పోయి చాలా ఏళ్లయింది. ఆయన పేరు క్లబ్బు మినీబస్సు మీద బంగారు రంగులో ఉంది. (పోయినవాళ్లను విచారించే నిబంధన లేదు. మినీబస్సులను విచారించే నిబంధన కూడా లేదు.)

"నాకేం గుర్తులేదు గ్లెనిస్," అన్నాడు విల్ఫ్.

"గుర్తులేదని రాయనా, గుర్తు చేసుకోనన్నావని రాయనా?" అంది గ్లెనిస్.

ఇక నియమాల సంగతి చూడండి. ఫిర్యాదులన్నీ సంరక్షణాధికారికి వెళ్లాలి. సంరక్షణాధికారి మీదే ఫిర్యాదు వస్తే అధ్యక్షుడికి వెళ్లాలి. అధ్యక్షుడు దాన్ని తగిన శిక్షణ పొందిన వ్యక్తికి అప్పగించాలి. క్లబ్బులో శిక్షణ పొందినవాడు ఒక్కడే. డక్‌వర్త్ జిల్లా సంఘానికి ఫోన్ చేశాడు. మీ మాట మాకెంతో విలువైనదని ఒక ఆడగొంతు చాలాసేపు చెప్పింది, నడుమ నడుమ వయొలిన్ వాయించారు, చివరికి "దయచేసి మీ క్లబ్బు సంరక్షణాధికారిని సంప్రదించండి" అని పెట్టేశారు.

"ఇంకేం, తేలిపోయింది," అన్నాడు డక్‌వర్త్ చేతులు రుద్దుకుంటూ. "విల్ఫూ, నిన్ను నువ్వే విచారించుకోవాలి."

"దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది నెవిల్. ఎవరైనా నవ్వుతారు."

"నియమం చదివాను. నిందితుడూ విచారణాధికారీ ఒకే సమయంలో ఒకే మనిషి కాకూడదన్నారు. ఒకే సమయంలో అన్నారు కదా? పొద్దున్న నువ్వు అధికారివి, మధ్యాహ్నం నిందితుడివి. మధ్యలో భోజనం చెయ్యి, రెండూ కలిసిపోకుండా ఉంటాయి."

అలా విచారణ మొదలైంది. పొద్దున్న విల్ఫ్ మెడలో తాడు వేసుకుని ప్రశ్నలు తయారుచేసేవాడు. మధ్యాహ్నం తాడు తీసి మేకుకి తగిలించి, ఎదుటి కుర్చీలోకి మారి జవాబులు చెప్పేవాడు. సాక్షిగా గ్లెనిస్ తలుపు దగ్గర కూర్చుని స్వెటరు అల్లేది. నిందితుడు మొదటి రోజు దురుసుగా ఉన్నాడని అధికారి నమోదు చేశాడు. అధికారి కొన్ని ప్రశ్నలు కావాలనే ఇరికించేలా వేశాడని నిందితుడు అభ్యంతరం చెప్పాడు. ఇద్దరికీ పడలేదు.

అయితే ఒక సంగతి విల్ఫ్ ఎవరికీ చెప్పలేదు. ప్రశ్న రాసినప్పుడల్లా ఆయనకి లోపల ఎక్కడో గుచ్చుకునేది. "ఆ అబ్బాయి మీతో ఏమైనా చెప్పాడా?" అని తన చేత్తో రాసి, తన నోటితో "గుర్తులేదు" అనేటప్పుడు, తను అబద్ధమాడుతున్నాడో లేదో ఆయనకే తెలిసేది కాదు. ఇంటికెళ్లాక అన్నం సయించేది కాదు. ముప్ఫయ్యేళ్లలో ఏ మ్యాచ్ ఓడిపోయినప్పుడూ ఆకలి చెడని మనిషి ఆయన.

ఈలోగా బీమా కంపెనీ వారి నుంచి ఆదేశం వచ్చింది. క్లబ్బు తరఫున ఎవరూ సారీ అన్న మాట వాడకూడదు. వాడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, బీమా చెల్లదు.

ఇది విని ఊరు ఊరంతా కంగారు పడింది. ఎందుకంటే ఈ దేశంలో ఊపిరి తర్వాత ఎక్కువగా వాడేది ఆ మాటనే. వాళ్ల కాలు మీరు తొక్కితే వాళ్లే సారీ అంటారు. తలుపులకి చెబుతారు, దీపస్తంభాలకి చెబుతారు. విల్ఫ్ ఒకసారి బట్టల దుకాణంలో బొమ్మని గుద్దుకుని సారీ చెప్పి, అది పలకలేదని సాయంత్రం దాకా నొచ్చుకున్నాడు. తప్పు లేనప్పుడు ఆ మాట ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు. నిజంగా తప్పు చేసినప్పుడే దాన్ని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తారు.

సారీకి బదులు వాడటానికి బీమా వారు ఒక వాక్యం పంపారు: "మీకు అలా అనిపించినందుకు మేము చింతిస్తున్నాము." రెండ్రోజుల తర్వాత, చింతించడం కూడా ప్రమాదమేనని దాన్ని సవరించారు: "మీకు అలా అనిపించినట్లు మేము గమనించాము." ఆ తర్వాత గమనించడం కూడా ఒక రకంగా ఒప్పుకోవడమేనని తేల్చారు. చివరికి మిగిలిన వాక్యం ఇది: "మీకు అలా అనిపించి ఉండవచ్చు." డక్‌వర్త్ దాన్ని అట్ట మీద అచ్చువేయించి విల్ఫ్ చేతికిచ్చాడు.

"ఒక్క అక్షరం కూడా ఎక్కువ మాట్లాడకు. నీ నోటి మీదే క్లబ్బు ఆధారపడి ఉంది."

క్రెయిగ్‌ని పిలిచిన రోజు పొద్దున్నే విల్ఫ్ గడ్డం గీసుకుని, తాడు మెడలో వేసుకుని, గదిలో కుర్చీలు తుడిచి కూర్చున్నాడు. గ్లెనిస్ టీ పెట్టింది. క్రెయిగ్ డ్యూటీ మధ్యలో వచ్చాడు కాబట్టి బస్సు కంపెనీ కోటుతోనే ఉన్నాడు. భారీ మనిషి, తల మీద జుట్టు పలచబడింది. నడవాలో సగం దూరం వచ్చి ఆగిపోయాడు.

"రా నాయనా, లోపలికి రా. కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు విల్ఫ్.

క్రెయిగ్ తలుపు మీది చెవి బొమ్మని చూశాడు. గడియని చూశాడు. అడుగు పడలేదు.

"ఈ గదిలోనా?"

"ఇందులోనే. భయపడకు, తలుపేస్తే ఒక్క మాట కూడా బయటికి వినబడదు."

"తెలుసండీ," అన్నాడు క్రెయిగ్. "అరిచి చూశాను కదా."

గ్లెనిస్ చేతిలోని టీ కప్పు కింద పెట్టేసింది. విల్ఫ్ కుర్చీలోంచి లేచాడు. బయటికొచ్చి, ఆ తలుపు తనే మూసేశాడు. ముసలాయనా, బస్సు డ్రైవరూ నడవాలో ఎదురెదురుగా నిలబడ్డారు.

"నన్ను గుర్తుపట్టారా బాస్?"

"పేరు చదివాను..."

"పేరు కాదండీ, మొహం. ప్రతి శనివారం నా బస్సే ఎక్కుతారు. దిగేటప్పుడు 'థాంక్యూ డ్రైవర్' అని చెప్పకుండా ఎప్పుడూ దిగలేదు. మర్యాద తప్పే మనిషి కాదు మీరు. వెనకాల మీ పాట పాడుతుంటారు. నేను నడుపుతుంటాను."

విల్ఫ్ చెయ్యి మెడలోని తాడు మీదికి పోయింది.

"ఇక్కడే చెప్పాను మీకు," అన్నాడు క్రెయిగ్. "నన్ను అప్పుడే బయటికి తీశారు, కళ్లు చికిలించుకుంటూ వస్తున్నాను. మీరు ఆ కోటు వేసుకుని అటునుంచి గబగబా వస్తున్నారు. 'బాస్, స్లేటర్ గారు మమ్మల్ని చీకట్లో పెట్టి గడియ వేస్తున్నారు, నాకు భయంగా ఉంది' అన్నాను. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆగారు, వంగి నా భుజం మీద చెయ్యి కూడా వేశారు. అప్పుడు మీరేమన్నారో..."

"మ్యాచ్ అయ్యాక చూద్దాం అన్నాను," అన్నాడు విల్ఫ్.

ఆ మాట ఆయన నోటి నుంచి ఎలా ఊడిపడిందో ఆయనకే తెలియదు. ఆ పిల్లాడి చెవులు ఎర్రగా ఉండటం, చేతులకి బూటు పాలిష్ నల్లగా అంటుకుని ఉండటం, అంతా ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చింది.

"అయితే గుర్తుందన్నమాట," అన్నాడు క్రెయిగ్ నెమ్మదిగా. "మరి మ్యాచ్ అయ్యాక?"

"గెలిచాం. అది కప్పు మ్యాచ్. నన్ను భుజాలకెత్తుకున్నారు. నువ్వు నా మనసులోకి రాలేదురా అబ్బాయ్. తర్వాత నువ్వు ఆటకి రావడం మానేస్తే, వాడికి పట్టుదల లేదని నలుగురి ముందూ అన్నాను కూడా."

"విల్ఫ్," అంది గ్లెనిస్ మెల్లగా, "ఆ అట్ట..."

అట్ట ఆయన కోటు జేబులోనే ఉంది. దాని జోలికి పోలేదు. మెడలోంచి తాడు తీసి, ఎక్కడ పెట్టాలో తోచక గ్లెనిస్ చేతిలో పెట్టాడు.

"నువ్వు చెప్పావు. నేను విన్నాను. విని ఏమీ చెయ్యలేదు. తప్పు నాది క్రెయిగ్. సారీ."

క్రెయిగ్ మొహం తుడుచుకోవడానికి జేబులో వెతుక్కుంటే టిక్కెట్ల చుట్టే దొరికింది. టిష్యూ డబ్బా గదిలో ఉండిపోయింది, ఎవరూ లోపలికెళ్లలేదు. గ్లెనిస్ కప్పులు తుడిచే గుడ్డ ఇచ్చింది. "ఇంతేనండీ నాకు కావల్సింది," అన్నాడు ముక్కు చీదుకుంటూ. "ఇంత చిన్నదానికి ఎన్నేళ్లు పట్టిందండీ బాబూ!" అని నవ్వాడు. విల్ఫ్ కూడా నవ్వాడు, ఆయన కళ్లు మాత్రం నవ్వే స్థితిలో లేవు. ముగ్గురూ నడవాలోనే నిలబడి టీ తాగారు. విల్ఫ్ ఒకటి తర్వాత ఒకటి నాలుగు బిస్కెట్లు తినేశాడు.

సరిగ్గా అప్పుడే నడవా చివర డక్‌వర్త్ ప్రత్యక్షమయ్యాడు.

"నాకు బారు దాకా వినబడిందే! ఏమన్నావు విల్ఫూ?"

"సారీ అన్నాను."

"దేవుడా! తాడు మెడలో ఉండగా అన్నావా, తీశాక అన్నావా?"

"తీశాకే."

"అంటే నిందితుడిగా అన్నావు. పొద్దున పూట! పొద్దున పూట నువ్వు అధికారివయ్యా! ఫిర్యాదుదారుడితో నిందితుడు మాట్లాడటం ఎంత ఘోరమో నీకు తెలుసా?"

"తెలుసు, శిక్షణ తీసుకున్నాను."

డక్‌వర్త్ అక్కడికక్కడే, నిలబడే, విల్ఫ్ మీద ఫిర్యాదు రాశాడు. నియమం ప్రకారం సంరక్షణాధికారికి అందజేశాడు. విల్ఫ్ గ్లెనిస్ దగ్గర తాడు అడిగి మెడలో వేసుకుని ఫిర్యాదు స్వీకరించాడు, తాడు తీసి నేరం ఒప్పుకున్నాడు, మళ్లీ వేసుకుని తనను తాను పదవి నుంచి తప్పించాడు, తర్వాత తాడు ఇచ్చేశాడు. కప్పుల్లో మిగిలిన టీ ఇంకా వేడిగానే ఉంది. సాయంత్రానికి రేకుల పంచ మీది ఆయన పేరు కూడా ఊడదీశారు. మినీబస్సు జోలికి ఎవరూ పోలేదు.

క్రెయిగ్ హిండిల్ అసలు ఫిర్యాదు, విచారించే అధికారి లేనందున, వచ్చే వార్షిక సమావేశంలో ఎవరైనా గదిలోంచి బయటికి వెళ్లేదాకా వాయిదా పడింది. డక్‌వర్త్ ఫిర్యాదు గురించి మాత్రం జిల్లా సంఘం ప్రత్యేకంగా అభినందనలు తెలిపింది. ఒక ఫిర్యాదు అందిన రోజే చర్య తీసుకోవడం థార్న్‌క్లఫ్ క్లబ్బు చరిత్రలో అదే మొదటిసారి.